చెల్లి పెళ్లి డీవీడీ ఎన్‌కోడింగ్‌కి తొమ్మిది గంటలు: గ్రాఫిక్స్ కార్డు కొంటే తగ్గుతుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. రాజాంలో మీ ఇంటి కంప్యూటర్లో చెల్లి పెళ్లి వీడియో మీరే ఎడిట్ చేసుకున్నారు. మొత్తం 2 గంటల 20 నిమిషాలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎంపీ4 తీయడానికి మూడున్నర గంటలు, దాన్ని డీవీడీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఇంకో ఐదున్నర గంటలు పట్టింది. బంధువులకి 12 డిస్కులు ఇవ్వాలి. రెండో డిస్కు పెట్టగానే మళ్లీ మొదటి నుంచి ఎన్‌కోడింగ్ (వీడియోని కుదించి డీవీడీకి తగ్గ రూపంలోకి మార్చే పని) మొదలైంది. కంప్యూటర్ మూడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు ఒక్కటే. పన్నెండు వేలు పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొంటే వేగం పెరుగుతుందా అని అడిగారు.

కార్డు కొనకండి. మీ డీవీడీ పనిలో దాని వల్ల కలిసొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మీ టైము పోతున్నది ప్రాసెసర్‌కి బలం చాలక కాదు, ఒకే పనిని దాని చేత రెండు మూడు సార్లు చేయిస్తున్నందువల్ల. ఎడిటింగ్ నుంచి నేరుగా డీవీడీకి సరిపోయే ఎంపెగ్-2 ఫైలు తీయండి. డీవీడీ సాఫ్ట్‌వేర్‌ని దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయనివ్వకండి. చివర్లో ఒక ఐఎస్ఓ ఫైలు (మొత్తం డిస్కుకి అచ్చు నకలు) చేసి పెట్టుకుని, పన్నెండు డిస్కులూ దాని నుంచే రాయండి. ఇంతే. ఇదే కంప్యూటర్ మీద ఎన్‌కోడింగ్ మూడు, నాలుగు గంటల్లోకి వచ్చేస్తుంది. రెండో డిస్కు నుంచి ఎన్‌కోడింగ్ అన్న మాటే ఉండదు. డబ్బు పెట్టి తీరాలని మనసు లాగుతుంటే ఒక చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) కొనండి, దాని గురించి కింద చెబుతాను.

నేను విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక చిన్న గదిలో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి వీడియోల మిక్సింగ్ చేశాను. వీహెచ్ఎస్ క్యాసెట్ల చివరి రోజులు చూశాను, వీసీడీలు చూశాను, సీజన్లో రోజుకి నలభై డీవీడీలు రాసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు అందరూ పెన్‌డ్రైవ్ అంటున్నారు. అయినా మా వైపు పల్లెల్లో టీవీ కింద డీవీడీ ప్లేయర్ ఇంకా దుమ్ము దులిపించుకుంటూనే ఉంది. "ఈ రోజుల్లో డీవీడీ ఏమిటి" అని మీకు కింద ఎవరో ఒకరు చెబుతారు, పట్టించుకోకండి.

వేగం గురించి నాకు బుద్ధి వచ్చింది 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుపాను అప్పుడు. రోజుల తరబడి కరెంటు లేదు. అప్పగించాల్సిన పెళ్లిళ్లు అయిదు. జనరేటర్ అద్దెకు తెచ్చి డీజిల్ పోసి కంప్యూటర్ నడిపాను. గంటకింత డీజిల్ అని చేతి నుంచి డబ్బు పోతుంటే ఏ పనికి ఎంత సేపు పడుతోందో మొదటిసారి కాగితం మీద రాసుకున్నాను. అంతవరకు "రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది" అనే లెక్క తప్ప ఇంకో లెక్క లేదు. రాసుకుని చూస్తే సగానికి పైగా టైము అవసరం లేని పనికే పోతోంది. మీకు చెబుతున్నదంతా ఆ కాగితం నుంచి మొదలైనదే.

ముందు గ్రాఫిక్స్ కార్డు సంగతి

డీవీడీ వీడియో అంటే ఎంపెగ్-2 కంప్రెషన్. 1996లో డీవీడీ ప్లేయర్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు పెట్టిన నియమం ఇప్పటికీ అదే. ఎన్విడియా కార్డుల్లో ఉండే ఎన్‌కోడర్ చేసేది హెచ్.264, హెచ్ఈవీసీ, కొత్తవైతే ఏవీ1 అనే వేరే కంప్రెషన్ పద్ధతులు. ఎంపెగ్-2 అది చేయదు. అంటే మీరు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా డీవీడీ కోసం ఎన్‌కోడ్ చేసేటప్పుడు ఆ ముక్క ఖాళీగా కూర్చుంటుంది. ఎవరో మీకు "కార్డు వేసుకుని హ్యాండ్‌బ్రేక్ వాడు, పది నిమిషాల్లో అయిపోతుంది" అన్నారని రాశారు. నిజమే, అయిపోతుంది. కానీ హ్యాండ్‌బ్రేక్ అనే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఎంపీ4, ఎంకేవీ లాంటి ఫైళ్లే. దాన్ని డీవీడీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అది మళ్లీ మొదటి నుంచి ఎంపెగ్-2 చేస్తుంది. మీ పని తగ్గలేదు, ఇంకొకటి పెరిగింది. పైగా క్వాలిటీ ఒక మెట్టు దిగింది.

ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే క్విక్ సింక్ అనే ఎన్‌కోడర్ మాత్రం చాలా తరాల్లో ఎంపెగ్-2 చేయగలదు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో దానికి దారి కూడా ఉంది. నేను వాడి చూశాను. వేగం ఉంది, కానీ తక్కువ బిట్‌రేట్ (ఒక సెకను వీడియోకి ఇచ్చే డేటా) దగ్గర బొమ్మ మెత్తబడుతుంది. మీ వీడియో నిడివికి నేను దాన్ని సిఫార్సు చేయను.

కార్డు పనికొచ్చే చోటు ఒకటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో కలర్ కరెక్షన్, ట్రాన్సిషన్లు, టైటిల్స్ ఎక్కువగా వాడితే అవి కార్డు మీద త్వరగా రెండర్ అవుతాయి. పెళ్లి పాటల్లో పూలు రాలే ఎఫెక్టులు, గుండెల్లోంచి ఫొటోలు వచ్చే ఎఫెక్టులు నిమిషానికొకటి వేసే అలవాటు మీకుంటే అది వేరే సంగతి.

అసలు బరువు ఎక్కడుంది

ఒక చిన్న లెక్క చూడండి. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీలో ఒక ఫ్రేము 720 అడ్డం, 576 నిలువు. గుణిస్తే 4,14,720 చుక్కలు. మీ కెమెరా తీసిన ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. మీ బావ గారు మొబైల్లో 4కే తీసి పంపిన ముక్కల్లో అయితే ఇరవై రెట్లు. కాబట్టి డీవీడీ చేసేటప్పుడు కంప్యూటర్‌కి కష్టమైన పని ఎంపెగ్-2 రాయడం కాదు. పెద్ద ఫైలు విప్పడం, చిన్నదిగా కుదించడం, మధ్యలో మీరు తెలియక పెట్టిన ఫిల్టర్లు నడపడం, ఇవీ బరువు. ఇది తెలియక జనం ఎన్‌కోడర్ సెట్టింగులే తిప్పుతూ కూర్చుంటారు.

ఆ మొబైల్ ముక్కలు హెచ్ఈవీసీలో ఉంటే మీ మూడో తరం ప్రాసెసర్‌కి వాటిని విప్పే హార్డ్‌వేర్ సాయం లేదు. ఇంటెల్లో అది ఆరో తరం నుంచి వచ్చింది. ఆ నాలుగైదు ముక్కలనూ ఎడిటింగ్‌కి ముందే ఒకసారి ఫుల్ హెచ్‌డీ హెచ్.264కి మార్చి పెట్టుకోండి, ఎక్కువ బిట్‌రేట్‌తో. మార్చేటప్పుడే ఫ్రేమ్ రేటు స్థిరంగా 25 చేసేయండి. మొబైళ్లు తరచు ఫ్రేమ్ రేటు అటూ ఇటూ మారుస్తూ రికార్డు చేస్తాయి. అలాగే వదిలేస్తే చివర్లో నాదస్వరం ఒకచోట, తాళి కట్టడం ఒకచోట పడుతుంది.

ఒక్కసారే ఎన్‌కోడ్ చేయడం ఎలా

మీరు చేసింది ఇది: కెమెరా ఫైలు, దాన్నుంచి ఎంపీ4, దాన్నుంచి ఎంపెగ్-2. మధ్యలో ఆ ఎంపీ4 అవసరం లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఎక్స్‌పోర్ట్ దగ్గర ఎంపెగ్-2 డీవీడీ అనే ఎంపిక ఉందేమో చూడండి. ప్రీమియర్, ఎడియస్ లాంటి వాటిలో ఏళ్ల తరబడి ఉండేది. కొన్ని కొత్త సాఫ్ట్‌వేర్లలో తీసేశారు. లేకపోతే ఒక మంచి నాణ్యత గల ఫైలు తీసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఇవ్వండి. దానిలో టార్గెట్ అనే ఆప్షన్‌కి పాల్ డీవీడీ అని చెబితే ఫ్రేము సైజు, ఫ్రేమ్ రేటు, ఆడియో, అన్నీ డీవీడీ నియమాలకి తగ్గట్టు అదే పెట్టుకుంటుంది. బిట్‌రేట్ ఒక్కటి మీరు చెప్పాలి, చెప్పకపోతే 6 ఎంబీపీఎస్ (సెకనుకి 6 మెగాబిట్లు) తీసుకుంటుంది. మీ నిడివికి అది డిస్కులో పట్టదు.

తర్వాత ఆ ఫైలుని డీవీడీ సాఫ్ట్‌వేర్లోకి తెస్తారు కదా, ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఫైలు డీవీడీ నియమాలకి సరిగ్గా ఉన్నా కొన్ని సాఫ్ట్‌వేర్లు అడగకుండా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తాయి. డీవీడీస్టైలర్‌లో అయితే ఒక్కో టైటిల్ (డీవీడీలో ఒక్కో వీడియో ముక్క) ప్రాపర్టీస్‌లో వీడియో ఫార్మాట్ దగ్గర కాపీ అని పెట్టవచ్చు. అప్పుడు అది మెనూ కట్టి, ముక్కలు చేసి, డీవీడీలో ఉండాల్సిన వీడియో టీఎస్ ఫోల్డర్ తయారు చేస్తుంది. నా దగ్గర ఈ అడుగు పది, పదిహేను నిమిషాలకి మించేది కాదు. మీ డీవీడీ సాఫ్ట్‌వేర్ ఈ దశలో గంటలు తీసుకుంటోందంటే అది మళ్లీ ఎన్‌కోడ్ చేస్తోందని అర్థం. ఆపేసి సెట్టింగు చూడండి.

నియమాలు దాటిన ఫైలు అయితే కాపీ అన్నా ఒప్పుకోదు. గుర్తుంచుకోవలసినవి కొన్నే: వీడియో 9.8 ఎంబీపీఎస్ దాటకూడదు, ఆడియోతో కలిపి 10.08 దాటకూడదు, ఆడియో 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. పాటలు సీడీ నుంచి తీసినవైతే 44.1 ఉంటాయి, ఎక్స్‌పోర్ట్‌లో 48 అని ఉందో లేదో ఒకసారి చూడండి. నేను 8 దాటి ఎప్పుడూ వెళ్లలేదు, మన ఊళ్లలో ఉన్న చవక ప్లేయర్లు 9 దగ్గర తడబడతాయి.

బిట్‌రేట్, రెండు పాసుల గొడవ

మామూలు డీవీడీలో 4.7 జీబీ అంటారు. అది 470 కోట్ల బైట్లు. కంప్యూటర్ మాత్రం 4.37 అని చూపిస్తుంది, డిస్కువాడు మోసం చేశాడని అనుకోకండి. కొంచెం చోటు వదిలి నేను వాడే లెక్క: 600ని నిమిషాలతో భాగించండి, వచ్చింది మొత్తం ఎంబీపీఎస్. మీ 140 నిమిషాలకి 4.28 వస్తుంది. అందులో ఆడియోకి 0.2 తీస్తే వీడియోకి 4.1 పెట్టుకోవచ్చు. ఆడియో ఏసీ3లో (కుదించిన ఆడియో) 192 లేదా 256 కేబీపీఎస్ చాలు. కుదించని పీసీఎం పెడితే ఒక్క ఆడియోనే 1.5 ఎంబీపీఎస్ తినేస్తుంది, మీ నిడివిలో అంత దానం చేయలేం.

75 నిమిషాల లోపు వీడియో అయితే లెక్క 8 లేదా పైన వస్తుంది. అక్కడ 8 దగ్గర ఒక్క పాసు, స్థిరమైన బిట్‌రేట్ చాలు. రెండు పాసులంటే మొత్తం వీడియోని ఒకసారి చదివి ఎక్కడ ఎంత బిట్‌రేట్ కావాలో రాసుకుని, రెండోసారి ఎన్‌కోడ్ చేయడం. టైము దాదాపు రెట్టింపు. చోటు ధారాళంగా ఉన్నప్పుడు రెండో పాసు వల్ల కంటికి కనపడే తేడా ఏదీ నాకు ఎప్పుడూ కనపడలేదు. చాలా సాఫ్ట్‌వేర్లలో అది ముందే టిక్ పెట్టి ఉంటుంది, జనం దాన్ని "బెస్ట్ క్వాలిటీ" అని నమ్మి వదిలేస్తారు.

కానీ 4 దగ్గర సంగతి వేరు. అక్కడ రెండు పాసులు పెట్టమనే చెబుతాను. ఎందుకో మీ పెళ్లి వీడియోలోనే ఉంది. మండపంలో పురోహితుడు మంత్రాలు చదువుతుంటే కదలిక ఉండదు, రెండున్నర ఎంబీపీఎస్ ఇచ్చినా గీత పడదు. తలంబ్రాలు మొదలయ్యాయా, ఒక్కో బియ్యపు గింజా ఒక్కో వైపు ఎగురుతుంది, పైన ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ఎంపెగ్-2కి ఇంతకంటే శత్రువు లేదు. బిట్‌రేట్ చాలకపోతే వధూవరుల ముఖాలు గళ్లు గళ్లుగా విరిగిపోతాయి. మా ఊళ్లో సిరిమాను ఉత్సవం (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర) రోజు జనాన్ని తీసినా ఇదే తంతు. వేల తలలు ఒకేసారి కదులుతుంటే చెట్టు చివర పూజారి గారు తప్ప మిగతాదంతా చుక్కల ముద్ద. రెండు పాసులు ఉంటే మంత్రాల దగ్గర మిగిల్చిన బిట్లని తీసుకెళ్లి తలంబ్రాల మీద ఖర్చు పెడుతుంది.

లేదా ఇంకో దారి, నాకైతే ఇదే ఇష్టం: రెండు డిస్కులు చేయండి. ఒకదానిలో స్నాతకం నుంచి జీలకర్ర బెల్లం దాకా, రెండోదానిలో మిగతా పెళ్లి, రిసెప్షన్. ఒక్కోటి 70 నిమిషాలు. 8 ఎంబీపీఎస్, ఒక్క పాసు. ఎన్‌కోడింగ్ టైము దాదాపు సగం అవుతుంది, బొమ్మ ఇంకా బాగుంటుంది. ఖర్చు పన్నెండు ఖాళీ డిస్కులు. మీ నాన్నగారు మధ్యలో లేచి డిస్కు మార్చాలి, అంతే. ఎలాగూ టీకి లేస్తారు. 8.5 జీబీ డబుల్ లేయర్ డిస్కుల జోలికి వెళ్లవద్దు. ఖరీదు, దొరకడం కష్టం, పాత ప్లేయర్లు పొర మారే చోట ఆగిపోతాయి.

తెలియకుండా టైము తినేవి

పాల్, ఎన్‌టీఎస్‌సీ ముందు చూడండి. చాలా డీవీడీ సాఫ్ట్‌వేర్లు ఎన్‌టీఎస్‌సీతో వస్తాయి, ఎందుకంటే అమెరికా లెక్క అది. మీ వీడియో సెకనుకి 25 ఫ్రేములు. దాన్ని 29.97 చేయమంటే లేని ఫ్రేములు పుట్టించాలి. టైము పోతుంది, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ తడబడుతుంది.

నాయిస్ రిడక్షన్ ఫిల్టర్. రాత్రి ముహూర్తం, లైట్లు చాలక చుక్కలు పడ్డాయని మొత్తం వీడియోకి అది తగిలిస్తారు. ఎన్‌కోడింగ్‌ని ఇంతలా నలిపే ఫిల్టర్ ఇంకోటి లేదు. కావాలంటే చీకటి ముక్కలకి మాత్రమే వేయండి. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, చుక్కలున్న వీడియో బిట్‌రేట్ ఎక్కువ తింటుంది, కాబట్టి తక్కువ బిట్‌రేట్ దగ్గర ఆ ఫిల్టర్ వల్ల బొమ్మకి లాభమే. టైము కావాలా, శుభ్రం కావాలా, మీ ఇష్టం.

పాత మినీ డీవీ క్యాసెట్లు కూడా ఎప్పుడైనా చేస్తారేమో, అందుకని చెబుతున్నాను: వాటిని డీఇంటర్‌లేస్ చేయకండి. వాటిలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, ఒక గీత విడిచి ఒక గీత, ఉంటుంది; దాన్నే ఇంటర్‌లేస్డ్ అంటారు, డీవీడీ, పాత టీవీ రెండూ దాన్నే కోరుకుంటాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు పంపితే టైమూ మిగులుతుంది, కదలికా నున్నగా ఉంటుంది. డీవీలో ఫీల్డ్ ఆర్డర్ (ఏ సగం ముందు అన్నది) లోయర్ ఫస్ట్, అది తిరగబడితే కదిలే చేతులు వణుకుతాయి.

ఇక కంప్యూటర్ అడ్డంకి ఏదో కనిపెట్టడానికి ఎన్‌కోడింగ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్ 95, 100 శాతం చూపిస్తే అది నిజంగా కష్టపడుతోంది. ఏం చేయలేం, పని తగ్గించడమే. మీది నాలుగు కోర్ల ప్రాసెసర్, 25 శాతం దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క కోర్‌నే వాడుతోంది. పాత ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలు, థ్రెడ్ల సంఖ్య పెంచే ఎంపిక ఉందేమో చూడండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ మార్చండి. మూడోది, ప్రాసెసర్ 30, 40 దగ్గర ఊగుతూ డిస్కు 100 చూపిస్తుంటే అడ్డంకి హార్డ్ డిస్కు. మీకు ఒక్కటే డిస్కు ఉంది కాబట్టి ఇది జరిగే అవకాశం ఎక్కువ. విండోస్, కెమెరా ఫైళ్లు, తాత్కాలిక ఫైళ్లు, కొత్తగా రాసే ఫైలు, అన్నీ ఒకే పళ్లెం మీద. సూది పరిగెత్తలేక చస్తుంది. అందుకే ఎస్ఎస్‌డీ అన్నాను. విండోస్, తాత్కాలిక ఫైళ్లు దాని మీద, కెమెరా ఫైళ్లు పాత డిస్కు మీద. కెమెరా ఫైళ్లని యూఎస్‌బీ 2.0 డ్రైవు నుంచి నేరుగా ఎడిట్ చేయడం మాత్రం వద్దు, సెకనుకి 30, 35 ఎంబీ దాటి రాదు.

వేడి గురించి ఎవరూ చెప్పరు. మే నెలలో మన వైపు మేడ మీద గదిలో కంప్యూటర్ పెట్టి నాలుగు గంటలు ఎన్‌కోడింగ్ నడపండి, ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను కింద దుమ్ము దుప్పటిలా పట్టి ఉంటే చలికాలంలోనూ అంతే. ఒకసారి నా దగ్గరి పాత మెషీన్ ఆరు గంటలు తీసుకుంటుంటే కొత్తది కొనడానికి డబ్బు కూడా సర్దుకున్నాను. మూత తీసి బ్లోయర్ కొట్టి, ప్రాసెసర్ మీద పేస్టు మార్చాను. నాలుగు గంటలకి కాస్త పైన వచ్చింది. ఖర్చు రెండు వందల లోపే.

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు స్కూల్ వార్షికోత్సవం వీడియో చేసుకుంటూ "పదకొండు గంటలు పడుతోందండీ" అని ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే అరగంట మౌస్ కదపకపోతే కంప్యూటర్ స్లీప్‌లోకి పోయేలా సెట్ చేసి ఉంది. రాత్రి పది గంటలకి పెట్టి పడుకుంటారు, పదిన్నరకి అదీ పడుకుంటుంది. ఇద్దరూ పొద్దున్నే లేస్తున్నారు. మీది కూడా రాత్రి పూటే పెట్టానన్నారు కాబట్టి పవర్ సెట్టింగుల్లో స్లీప్ తీసేయండి. విండోస్ అప్‌డేట్‌ని కూడా ఆ రోజుకి ఆపండి, అర్ధరాత్రి దానంతట అది రీస్టార్ట్ అయితే ఏడ్చినా లాభం లేదు. యాంటీవైరస్‌లో ఆ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని మినహాయించండి.

ముక్కలుగా ఎన్‌కోడ్ చేయండి

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. మొదట్లో రెండున్నర గంటల వీడియోని ఒకే ఫైలుగా తీసేవాణ్ని. ఒకసారి పెళ్లికూతురి వాళ్ల ఇంటిపేరు మొదటి టైటిల్లో ఒక అక్షరం తప్పు పడింది. కాపీలు అన్నీ రాసి ఇచ్చాక చూశారు. పెళ్లికూతురి పెదనాన్న షాపుకొచ్చి "ఏటి బాబూ, మా ఇంటిపేరే మార్చేసినావేటి?" అన్నారు. నాలుగు సెకన్ల టైటిల్ కోసం మళ్లీ ఏడు గంటలు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

అప్పటి నుంచి స్నాతకం ఒక ఫైలు, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఒకటి, అప్పగింతలు ఒకటి, రిసెప్షన్ ఒకటి. ఒక్కోటి ఇరవై, ముప్పై నిమిషాలు. విడివిడిగా ఎన్‌కోడ్ చేసి, డీవీడీ సాఫ్ట్‌వేర్లో వేర్వేరు టైటిళ్లుగా పెట్టి ఒకదాని తర్వాత ఒకటి ఆడేలా కలుపుతాను. తప్పు దొరికితే ఆ ముక్క ఒక్కటే మళ్లీ. కరెంటు పోతే ఆ ముక్క ఒక్కటే మళ్లీ. చిన్న యూపీఎస్ ఉంటే మంచిదే, కానీ అది నిండు బరువు మీద పది నిమిషాలు ఆపుతుందేమో, ఎన్‌కోడింగ్ పూర్తి చేయించదు. ముక్కలకి ఇంకో లాభం ఉంది: మీరు రిసెప్షన్ ఎడిట్ చేస్తున్న రోజే స్నాతకం ఎన్‌కోడ్ అయిపోయి ఉంటుంది. చివరి రోజు టెన్షన్ ఉండదు.

రెండు పాసుల్లో ముక్కలు చేస్తే ఒక చిక్కు ఉంది. బిట్లు ముక్క లోపలే పంచుకుంటుంది, పక్క ముక్క నుంచి అరువు తెచ్చుకోదు. కాబట్టి తలంబ్రాలు ఉన్న ముక్కకి 5, మిగతా వాటికి 3.8 అని మీరే చేత్తో సర్దాలి. సర్దాక మొత్తం సైజు డిస్కులో పడుతోందో లేదో కూడి చూసుకోండి.

రాయడం వేరు, ఎన్‌కోడింగ్ వేరు

రెండో డిస్కుకి మళ్లీ ఎన్‌కోడ్ అయిందన్నారు. మీ సాఫ్ట్‌వేర్ మొదటి డిస్కు రాయగానే తాత్కాలిక ఫోల్డర్‌ని తుడిచేస్తోంది, అందుకే. బర్న్ బటన్ నొక్కకండి. గమ్యం దగ్గర ఫోల్డర్ లేదా ఐఎస్ఓ ఇమేజ్ అని ఎంచుకోండి. ఆ ఐఎస్ఓని ముందు వీఎల్‌సీలో తెరిచి మెనూ, పాటలు, అన్నీ నొక్కి చూడండి. తర్వాత ఇమ్‌గ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎన్ని కావాలంటే అన్ని రాసుకోండి. డిస్కు నిండా ఉంటే 8ఎక్స్ వేగం దగ్గర ఒక్కోటి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. వెరిఫై చేస్తే ఇంకొంత. 16ఎక్స్‌లో రాస్తే రెండు మూడు నిమిషాలు మిగులుతాయి కానీ పాత ప్లేయర్లలో చివరి పావు వంతు దగ్గర, అంటే డిస్కు అంచు దగ్గర, ఆగిపోయిన ఫిర్యాదులు నాకు ఎక్కువ వచ్చాయి. రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ నడపకండి. డీవీడీ ప్లస్ ఆర్ కంటే మైనస్ ఆర్ డిస్కులు పాత ప్లేయర్లకి బాగా పడతాయి. పైన కాగితం స్టిక్కర్ అంటించవద్దు, బరువు ఒక పక్కకి పడి డిస్కు వణుకుతుంది. సీడీ మార్కర్‌తో పేరు రాస్తే చాలు.

పన్నెండు మందిలో టీవీకి యూఎస్‌బీ ఉన్నవాళ్లు ఎంతమందో ముందు అడగండి. వాళ్లకి మీరు మొదట తీసిన ఆ ఫుల్ హెచ్‌డీ ఎంపీ4నే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, డీవీడీ కంటే బొమ్మ అయిదు రెట్లు వివరంగా ఉంటుంది. మూడున్నర గంటలు ఊరికే పోలేదన్న తృప్తి కూడా.

మిగిలిన వాళ్ల కోసం మొదటి కాపీని ఒక రీరైటబుల్ డిస్కు మీద రాసి మీ నాన్నగారి ప్లేయర్లో, ఆయన టీవీ మీదే ఆడించండి. కంప్యూటర్ తెర మీద చూసి సరే అనుకోకండి. నేరుగా తలంబ్రాల దగ్గరికి వెళ్లి బొమ్మ ఆపి చెల్లి ముఖం చూడండి. గళ్లు కనపడితే ఆ ఒక్క ముక్కకి బిట్‌రేట్ పెంచి మళ్లీ తీయండి, కనపడకపోతే మిగతావి రాసేయండి. టాస్క్ మేనేజర్‌లో ఏం కనపడిందో ఇక్కడ రాస్తే, హార్డ్ డిస్కా, ప్రాసెసరా అన్నది తేల్చి చెబుతాను.